అప్‌డేట్: పూల్ లైనర్ మీద తెల్ల మచ్చలు, కారణం తెలిసింది

కావలి దగ్గర మా తోటలోని స్విమ్మింగ్ పూల్‌లో నీలం వినైల్ లైనర్ (లోపల పరిచే ప్లాస్టిక్ పొర) మెట్ల దగ్గర తెల్లబడుతోందని, ముడతలు పడుతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నెల్లూరు నుంచి పూల్ మెకానిక్ వచ్చి చూశాడు. "క్లోరిన్ గుళికలు నేరుగా చల్లుతున్నారేమో" అన్నవారి మాటే నిజమైంది. తోట చూసే అతను పంపు ఆపేసి, మెట్ల మీద నిలబడి విసిరేవాడట. కరగని గుళికలు అడుగున పడి, పడిన చోటల్లా రంగు తినేశాయి. ముడతలది వేరే కథ. గుళికలతో పాటు వాడే ట్రైక్లోర్ బిళ్లలకు (ఇవీ క్లోరిన్‌వే) ఆమ్లగుణం ఎక్కువ, వాటివల్ల నీటి పీహెచ్ (ఆమ్లగుణం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.8కి పడిపోయి లైనర్ ముడతలు పడిందని చెప్పాడు.

బోరు నీళ్ల ఉప్పుకీ ఈ మచ్చలకీ సంబంధం లేదు. ఎండకీ లేదు, మన రోహిణి కార్తె చూసినవాళ్లెవరైనా ముందు దాన్నే అనుమానిస్తారనుకోండి!

ఇప్పుడు సాయంత్రం పూట బకెట్ నీళ్లలో గుళికలు కొద్దికొద్దిగా వేసి కరిగించి (గుళికల మీద నీళ్లు పోయకూడదు), పంపు నడుస్తుండగా చుట్టూ పోస్తున్నాం. బిళ్లలు, గుళికలు ఒకేచోట కలిపితే చాలా ప్రమాదం, అవి వేర్వేరుగా పెట్టాం. క్లోరిన్ 1–3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో), పీహెచ్ 7.2–7.6 మధ్య ఉంచుతున్నాం.

కొత్త మచ్చలు రాలేదు. పోయిన రంగు మాత్రం తిరిగి రాదట. లైనర్ చిరిగేదాకా ఇలాగే వాడతాను.