అప్‌డేట్: మూడో అంతస్తు ఫ్లోరింగ్ సంగతి తేలింది

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి పాత మొజాయిక్ పగలగొట్టాలా, దాని మీదే టైల్స్ వేయాలా అని అడిగాను కదా. రెండూ చేయలేదు. పగలగొడితే కింద ఇంట్లో పిన్నిగారికి రోజుల తరబడి నరకం. మీదే వేస్తే బరువు, పైగా ఎత్తు అర అంగుళం లేస్తుంది, తలుపులన్నీ కోయాలి.

బెడ్‌రూముల్లో 5 మి.మీ. ఎస్‌పీసీ పలకలు (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి), అడుగున ఫోమ్ షీటుతో వేయించాం. ముందు నేల ఎగుడుదిగుడులు సరిచేయించండి, ఇది మాత్రం వదలొద్దు, లేకపోతే పలకలు ఒకదానికొకటి బిగుసుకునే అంచుల లాకులు విరుగుతాయి. గోడల పక్కన కొంచెం ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో మూశారు. ఒక్క తలుపే చెక్కాల్సి వచ్చింది.

హాల్లో మొజాయిక్‌కే పాలిష్ పట్టించాం. ఎంత బాగుందో! తీసేయనందుకు చాలా సంతోషంగా ఉంది.

నిన్న పిన్నిగారు "మీ బాబు పరుగుల చప్పుడు బాగా తగ్గిందమ్మా" అన్నారు. నా టెన్షనంతా దాని గురించే.