ఫస్ట్ కాపీ సైక్లింగ్ జెర్సీలు: తెలిసి కొంటే తప్పేనా?

పొద్దుటి_రైడర్, హన్మకొండ
ఆదివారం, రాత్రి 9:15

ఈ ఉదయం రామప్ప రైడ్‌కి పద్దెనిమిది మందిమి వెళ్లాం. లెక్కపెట్టే చెప్తున్నాను, పదకొండు మంది జెర్సీల మీద క్యాస్టెల్లీ తేలు బొమ్మ ఉంది. అందులో ఒక్కటి కూడా ఆ ఇటలీ కంపెనీది కాదు. నాదీ కాదు. అన్నీ ఫస్ట్ కాపీలే, అంటే అచ్చం ఒరిజినల్‌లా కనిపించే డూప్లికేట్లు. మన గ్రూపులోని ఒక అన్న ఆన్‌లైన్‌లో లాట్‌గా తెప్పించి ఒక్కోటి 1,100కి ఇచ్చినవే. ఒరిజినల్ అయితే పది వేల పైమాట. డూప్లికేట్ అని తెలిసే తీసుకున్నాం కాబట్టి ఇన్నాళ్లూ నాకు ఏమీ అనిపించలేదు.

ములుగులో చాయ్‌కి ఆగినప్పుడు కొత్తగా చేరిన తమ్ముడు తన జెర్సీ చూపించాడు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో 4,500కి కొన్నాడట. "ఒరిజినల్, రెండుసార్లే వేసుకున్నా" అన్నాడట అమ్మినతను. వెనక ఎడమ జేబు మీద ఒక అక్షరం వంకరగా ఉంది. నా జెర్సీ మీద కూడా అదే అక్షరం, అక్కడే, అంతే వంకరగా ఉంది. అంటే అది మన లాట్‌లోదే. ఎవరో 1,100కి కొని 4,500కి అంటగట్టారు. ఆ పిల్లవాడు మొదటి జీతంతో కొనుక్కున్నానని సంబరంగా చెప్తుంటే నేను నోరు విప్పలేకపోయాను.

అప్పటి నుంచి ఒకటే టెన్షన్. తెలిసి కొన్నా, చెప్పి అమ్మినా తప్పు కాదని మనం అనుకుంటున్నది నిజమేనా? ఏమనుకుంటున్నారో మొహమాటం లేకుండా రాయండి.

పాకాల_గాలి
ఆదివారం, రాత్రి 9:50

ఆ అన్నను నేనే. దాచాల్సిన పని లేదు. ప్రతి ఒక్కరికీ ముందే చెప్పాను, ఇది కాపీ అని. ఒక్కో జెర్సీ మీద నాకు మిగిలేది 80, 100 రూపాయలు, అది కూడా సైజు సరిపోక తిరిగొచ్చిన వాటికి పోయేది. మూడేళ్ల కింద ఈ గ్రూపులో సగం మంది కాటన్ టీషర్ట్ వేసుకొని 43 డిగ్రీల ఎండలో తొక్కి, చెమటకు ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకునేవాళ్లు. ఈ రేటుకు మంచి బట్ట దొరికింది కాబట్టే చాలామంది ఆగకుండా తొక్కుతున్నారు. ఒరిజినల్ అని అబద్ధం చెప్పి అమ్మినవాడిది మోసం, ఒప్పుకుంటా. అతని పాపం నా మీద ఎందుకు వేస్తారు?

కొత్తవాడ_మగ్గం
ఆదివారం, రాత్రి 11:05

అన్నా, నీ మీద కోపంతో రాయడం లేదు. కానీ నువ్వు రాసింది చదివాక నిద్ర పట్టక లేచి కూర్చున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ, నేతవాళ్ల వాడ. మా తాత, బాపు ఇద్దరూ దర్రీలు (నేల మీద పరిచే నేత తివాచీలు) నేసినవాళ్లే. నేను బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకుకే ఆ ఊరి పేరు చెల్లేలా ఇచ్చే రక్షణ) వచ్చినప్పుడు బాపు పేపర్ ముక్క కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. మరుసటి ఏడాది ఆయనను హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. ఒక స్టాల్‌లో "వరంగల్ దర్రీ" అని అట్టముక్క పెట్టారు. బాపు దాన్ని తిరగేసి చూశాడు. చేతితో నేసిన దర్రీకి ముందు, వెనక అని ఉండదు, ఎటు పరిచినా ఒకేలా ఉంటుంది. దానికి వెనకవైపు వేరేగా ఉంది, మిషన్ మీద చేసింది. బాపు మెల్లగా అడిగాడు, ఇది మా ఊరిది కాదు గదా అని. స్టాల్ అతను ఏమన్నాడో తెలుసా? "ఈ రేటుకు చేతిది ఎట్లొస్తది పెద్దాయనా? కొనేవాళ్లకు కూడా తెలుసు." మోసం చేస్తున్నానన్న భావం అతని ముఖంలో లేదు. కొనేవాళ్లకు కూడా తెలుసు, అంతే. నీ పోస్టులో మళ్లీ అదే మాట కనిపించింది.

ఇంకో లెక్క చెప్తాను. ఏ పేరూ లేని పాలిస్టర్ జెర్సీ, మూడు జేబులు, ఫుల్ జిప్పు, 800కి దొరుకుతుంది. నేను వేసుకునేది అదే. నీ 1,100 జెర్సీ పక్కన పెట్టి చూశాను, బట్టలో తేడా లేదు. మరి పైన ఆ 300 దేనికి? ఆ తేలుకి. చెమట ఆరడానికి తేలు బొమ్మ అక్కర్లేదు. మనం డబ్బు లేక డూప్లికేట్ కొనడం లేదు, డబ్బు ఇచ్చి మరీ పేరు కొంటున్నాం. ఆ పేరు అమ్మే హక్కు మాత్రం మనకు అమ్మినవాళ్లకు లేదు. నూలు, రంగు, కూలీ పోను మా ఇంట్లో రూపాయి మిగిలిందంటే అది "వరంగల్" అన్న పేరు వల్లనే మిగిలింది. అందుకే పేరు దొంగతనం నాకు చిన్న విషయంగా కనిపించదు.

హాస్టల్_గేర్, ఎన్ఐటీ
సోమవారం, ఉదయం 7:30

అన్నా, నేత కార్మికుడిని, పెద్ద కంపెనీని ఒకే గాటన కట్టొద్దు. డూప్లికేట్ దర్రీ వస్తే ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. నేను పది వేల జెర్సీ ఎప్పటికీ కొనను, కొనలేను. కొననివాడు కాపీ వేసుకుంటే ఆ కంపెనీకి పోయిందేంటి? రేపు ఎవరైనా నకిలీ విత్తనాలతో పోలుస్తారేమో, అందుకే ముందే చెప్తున్నా. అక్కడ రైతుకు తెలియకుండా అంటగడతారు, పంట పోతుంది, అప్పు మిగులుతుంది. ఇక్కడ మోసపోయినవాడు లేడు.

పొద్దుటి_రైడర్, హన్మకొండ
సోమవారం, ఉదయం 7:42

ఉన్నాడు తమ్మీ. 4,500 పోగొట్టుకున్నాడు.

అదాలత్_దారి
సోమవారం, మధ్యాహ్నం 1:20

వకీలుగా నాకు తెలిసింది రాస్తాను. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లో 103వ సెక్షన్ తప్పుడు గుర్తు వేసినవాళ్లకు, 104 అలాంటి సరుకు అమ్మినవాళ్లకు, అమ్మడానికి దగ్గర పెట్టుకున్నవాళ్లకు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తగిన కారణాలు రాసి కోర్టు తగ్గించవచ్చు. జాగ్రత్తలన్నీ తీసుకున్నా నకిలీ అని తెలియకుండా అమ్మినవాళ్లకు ఆ చట్టంలో కొంత రక్షణ ఉంది. "కాపీ అని చెప్పే అమ్మాను" అనేవాళ్లకు అది కూడా దక్కదు, ఎందుకంటే తెలుసని వాళ్లే ఒప్పుకుంటున్నారు. పాకాల తమ్ముడూ, దయచేసి ఇది గుర్తుపెట్టుకో.

సొంతానికి కొనుక్కున్నవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. ఇటలీలో అయితే కొన్నవాళ్లకు కూడా జరిమానా వేస్తారు. బయటి దేశం నుంచి సొంత వాడకానికి వచ్చే చిన్న పార్సిల్‌ను మన 2007 కస్టమ్స్ నిబంధనలు కూడా వదిలేస్తాయి. నలభై జెర్సీల లాట్ సొంత వాడకం కిందికి రాదు. ఒరిజినల్ అని చెప్పి 4,500 తీసుకున్న అతని మీద భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం ఫిర్యాదు చేయవచ్చు. ఆ పిల్లవాడు చాట్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచుకోవాలి.

హాస్టల్ తమ్ముడు ఒకే గాటన కట్టొద్దన్నాడు. దర్రీలను కాపాడే జీఐ చట్టం కూడా 1999దే. రెండూ అమల్లోకి వచ్చింది ఒకే రోజు, 2003 సెప్టెంబర్ 15. వాటిలో శిక్షలు కూడా ఒక్కటే, అదే జైలు, అదే జరిమానా. కొత్తవాడ పేరుకు, ఇటలీ పేరుకు చట్టం ఒకే విలువ కట్టింది. కంపెనీ పెద్దదని దాని పేరును వదిలేయమంటే, రేపు మన పేరు కోసం అడిగే నోరు మనకు ఉండదు.

కాకతీయ_కాలువ
సోమవారం, సాయంత్రం 6:10

అందరూ జెర్సీల గురించే రాస్తున్నారు. బిబ్ షార్ట్స్ (భుజాల మీద పట్టీలతో, కూర్చునే చోట ప్యాడ్ ఉండే సైక్లింగ్ నిక్కరు) సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఆడవాళ్లు దీన్ని బయటికి చెప్పుకోరు.

ఆడవాళ్ల ప్యాడ్ ఆకారం వేరు, మందం ఉండే చోటు వేరు. ఇక్కడ ఏ షాపులో అడిగినా దొరకదు. అందుకని ఆన్‌లైన్‌లో ఆడవాళ్ల మోడల్ ఫోటో చూసి 1,600కి పెద్ద కంపెనీ పేరున్న ఫస్ట్ కాపీ తెప్పించుకున్నాను. నిరుడు డిసెంబర్‌లో దాన్ని వేసుకొని 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) తొక్కాను. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి కాబట్టి ఆగి సర్దుకునే టైం కూడా ఉండదు. 120 దాటాక ప్యాడ్ కుట్టు వదిలి ఒక పక్కకు ముద్దయింది. పంతంతో పూర్తి చేశాను. తొమ్మిది రోజులు ఆఫీసులో కుర్చీలో కూర్చోలేకపోయాను, ఒకచోట చీము పట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ఆ ప్యాడ్ కోసి చూశాను. ఒకే మందం ఉన్న స్పాంజి ముక్క, మీద బట్ట. మంచి బిబ్‌లో ఎముకలు ఆనే చోట గట్టిగా, మిగతా చోట మెత్తగా రెండు మూడు రకాల ఫోమ్ ఉంటుంది. పైగా అది మగవాళ్ల ఆకారం.

ఎవరిని అడగాలి? ఆ కంపెనీ తమది కాదంటుంది. అమ్మిన పేజీ అప్పటికే మాయమైంది. కుట్టిన ఫ్యాక్టరీ ఏ దేశంలో ఉందో కూడా నాకు తెలియదు. పేరు ఉంటే జవాబు చెప్పేవాళ్లు ఉంటారు. పేరు దొంగిలిస్తే ఆ జవాబుదారీ కూడా పోతుందని నాకు ఒంటి మీదికి వచ్చాకే తెలిసింది. చెల్లెళ్లూ, పేరు లేనిదైనా సరే, ముందు చేత్తో ప్యాడ్ నొక్కి చూసి కొనండి.

హీట్‌ప్రెస్_చౌరస్తా
సోమవారం, రాత్రి 8:30

నాది ప్రింటింగ్ పని. జెర్సీ మీద బొమ్మ వేయడం ఎంత సులువో చాలామందికి తెలియదు. డిజైన్‌ను కాగితం మీద ప్రింట్ తీసి, తెల్ల పాలిస్టర్ బట్ట మీద పెట్టి, 200 డిగ్రీల దగ్గర్లో వేడితో ఒత్తితే రంగు ఆవిరై దారంలోకి దిగుతుంది. సబ్లిమేషన్ అంటారు. కడిగినా పోదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోటో ఉంటే చాలు, ఫైల్ తయారు చేసేస్తారు. కాపీలన్నిటిలో బొమ్మ బాగుండి కుట్టు, ఎలాస్టిక్, ప్యాడ్ దగ్గర పాడయ్యేది అందుకే.

మొదటి ఏడాది నేను కూడా అలాంటివి వేసిచ్చాను. అద్దె కట్టాలి, ఎవరు అడిగినా కాదనలేదు. తర్వాత ఒక పరుగు పందెం కోసం కాకతీయ తోరణంతో డిజైన్ గీశాను, మూడు రాత్రులు పట్టింది. నెల తిరక్కుండా పక్క జిల్లాలో నా తోరణమే వేసిన టీషర్ట్‌లు కనిపించాయి. నేను పొరపాటున సన్నగా గీసిన గీత కూడా అలాగే ఉంది. నాకు కంపెనీ లేదు, వకీలు లేడు. ఆ రోజు నుంచి ఎవరి బొమ్మా నేను వేయడం లేదు. మీకు ఇరవై జెర్సీలు కావాలంటే సొంత డిజైన్‌తో 900 లోపే చేసిస్తాను.

పాకాల_గాలి
సోమవారం, రాత్రి 10:40

అన్నీ రెండుసార్లు చదివాను. జైలు మాట చదివి భయపడ్డానని అనుకోకండి. భయపడ్డ మాట నిజమే కానీ, నన్ను ఆపింది ఆ స్టాల్ అతను పెద్దాయనతో అన్న మాట. నేను కూడా అచ్చం అలాగే మాట్లాడాను. ఇక తెప్పించను.

కానీ నా దగ్గర ఇంకా పద్నాలుగు ఉన్నాయి. దాదాపు 14 వేలు, ఇంట్లో చెప్పకుండా పెట్టిన డబ్బు. బొమ్మ బట్టలోకి దిగింది కాబట్టి చెరపలేను. ఊరికే పంచితే ఎవరో మళ్లీ యాప్‌లో పెట్టి అమ్ముతారు. కాల్చాలంటే మనసు రావడం లేదు, బట్ట బాగుంది. ఏం చేయాలో చెప్పండి.

కొత్తవాడ_మగ్గం
సోమవారం, రాత్రి 10:58

తేలు ఉన్న ముక్క కత్తిరించి పక్కన పెట్టు. వెనక భాగం, చేతులు మంచిగా ఉంటాయి. సీటు కవర్లు, టూల్ సంచులు కుట్టిద్దాం, మా వాడలో కుట్టేవాళ్లు ఉన్నారు. కుట్టుకూలి నేను ఇస్తాను.

హాస్టల్_గేర్, ఎన్ఐటీ
మంగళవారం, ఉదయం 6:50

బిబ్ విషయంలో అక్క చెప్పింది ఒప్పుకుంటున్నాను. జెర్సీ విషయంలో మాత్రం నాకు ఇంకా సగమే ఒప్పుదల. 2020లో సైక్లిస్ట్ పొగాచార్ మొదటిసారి టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచినప్పుడు కరోనా వల్ల ఇంట్లో కూర్చొని రాత్రుళ్లు చూసి సైకిల్ మీద పిచ్చి పట్టింది నాకు. నా దగ్గర ఉన్నది ఆయన టీం జెర్సీ కాపీ. రోడ్డు రేసుకు టికెట్ ఉండదు, ఆ టీంలు బతికేది స్పాన్సర్ల డబ్బు మీద. ఆ స్పాన్సర్ల పేర్లన్నీ నా వీపు మీద ఊరంతా తిరుగుతున్నాయి. అభిమానంతో వేసుకున్నదాన్ని దొంగతనం అంటే నాకు బాధగా ఉంది. ఇకపై కాపీ కొనను, కానీ ఉన్నదాన్ని చింపుకోను.

పొద్దుటి_రైడర్, హన్మకొండ
మంగళవారం, రాత్రి 9:05

ఈ సాయంత్రం ఆ తమ్ముడిని భద్రకాళి చెరువు దగ్గర కలిసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అన్నా, ఆదివారం మీరు వేసుకున్నది కూడా అదేనా?" అవునన్నాను. "మరి ములుగులోనే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా ఒంటి మీద కూడా అదే ఉంది కాబట్టే చెప్పలేకపోయాను, ఆ మాట కూడా అతనికి చెప్పాను.

చాట్ మెసేజ్‌లు అతని దగ్గర ఉన్నాయి. అదాలత్ అన్నా, రేపు మిమ్మల్ని కలవమని చెప్పాను. ఆ లాట్ కోసం ముందు డబ్బు ఇచ్చిన ఆరుగురిలో నేను ఒకణ్ని కాబట్టి, ఫిర్యాదుతో డబ్బు వెనక్కి రాకపోతే ఆ 4,500లో నా వంతు నేను ఇస్తాను. మిగతా ఐదుగురిని బలవంతం చేయను. నా జెర్సీ కూడా కొత్తవాడకు పంపిస్తున్నాను.

పాకాల_గాలి
మంగళవారం, రాత్రి 9:12

ఐదుగురు కాదు, నలుగురు. నా వంతు కూడా రాసుకో.

హీట్‌ప్రెస్_చౌరస్తా
మంగళవారం, రాత్రి 9:30

కొత్త జెర్సీలకు సైజులు ఇక్కడే రాయండి. అక్కా, ఆడవాళ్ల కొలతలు వేరుగా పంపండి, మగవాళ్ల ప్యాటర్న్‌నే చిన్నది చేసి కుట్టను. ఛాతీ మీద ఏ బొమ్మ వేయాలో మాత్రం శుక్రవారం లోపు మీరే తేల్చండి.