పాయింట్ టూ టూ రౌండ్లు ఇంట్లో రీలోడ్ చేసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలి రేంజ్‌లో పాయింట్ టూ టూ రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కొట్టేది) ప్రాక్టీస్ చేస్తోంది. ఇంపోర్టెడ్ మ్యాచ్ అమ్యునిషన్ ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. టెక్సాస్‌లో ఉండే మా బావమరిది పాయింట్ త్రీ నాట్ ఎయిట్ రౌండ్లు ఇంట్లోనే చేసుకుంటాడు, కంపెనీవాటికి ఏమాత్రం తీసిపోవంటాడు. ఖాళీ షెల్స్ దాచిపెట్టుకుంటే మనమూ చేసుకోవచ్చా?

జవాబు: వద్దు సర్. పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్. మంట పుట్టించే మందు షెల్ అంచు లోపలే ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచునే నలగ్గొడుతుంది. నలిగిన షెల్ మళ్లీ పనికిరాదు. పైగా మన దగ్గర లైసెన్సు లేకుండా అమ్యునిషన్ తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. బ్యారెల్‌కు నప్పే లాట్ (కంపెనీ ఒకేసారి తయారుచేసిన బ్యాచ్) వెతకండి, డబ్బు అక్కడ మిగులుతుంది. ఒకే కంపెనీ, ఒకే రకం అయినా లాట్ నంబర్ మారితే గ్రూప్, అంటే టార్గెట్ మీద చిల్లులు పడే గుంపు, మారుతుంది. పక్క లేన్ పిల్లకు బాగా పడిందే మీ అమ్మాయి రైఫిల్‌కు పడాలని లేదు. ఖరీదైన డబ్బా కంటే మధ్యరకం లాట్ బాగా కొట్టడం కూడా జరుగుతుంది.

ప్రశ్న: టెస్ట్ ఎలా చేయాలి సర్? ఐదు రౌండ్లు కొడితే తెలుస్తుందా?

జవాబు: ఐదుతో ఏమీ తేలదు, అదృష్టం కూడా అందులో కలిసిపోతుంది. రైఫిల్‌ను క్లాంప్‌లో బిగించి, 50 మీటర్ల దగ్గర పదేసి రౌండ్ల గ్రూపులు కొన్ని తీయండి. ఆ పోటీలో పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, గ్రూప్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. బ్రాండ్ మార్చినప్పుడు మొదటి కొన్ని రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి, పాత బ్రాండ్ బులెట్లకు పూసిన మైనం బ్యారెల్‌లో ఇంకా ఉంటుంది. లాట్ నచ్చితే ఆ నంబర్‌వే సీజన్‌కు సరిపడా అడగండి, తర్వాత దొరకదు. పెద్ద షూటర్లు బర్మింగ్‌హామ్‌లో ఎలీ, జర్మనీలో లాపువా అనే అమ్యునిషన్ కంపెనీల టెస్ట్ సెంటర్లకు రైఫిల్ పట్టుకెళ్లి మరీ చేసే పని ఇదే. ఇంకోటి, మే నెలలో డబ్బాలు కారులో వదిలేయకండి, ఆ వేడికి మైనం మెత్తబడుతుంది.

మరొకరు: బావమరిది సంగతి వేరండీ. త్రీ నాట్ ఎయిట్ సెంటర్‌ఫైర్, మంట పుట్టించే ప్రైమర్ షెల్ అడుగు మధ్యలో ఉంటుంది, దాన్ని విడిగా మార్చుకోవచ్చు. అమెరికాలో అది మామూలు హాబీ. ఫెడరల్ కంపెనీ గోల్డ్ మెడల్ అనే మ్యాచ్ రౌండ్‌తో పోటీపడాలంటే అందులో వాడే 168 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ బులెట్ విడిగా దొరుకుతుంది కాబట్టి దానితోనే మొదలుపెడతారు. కంపెనీ రౌండ్ విప్పి, పౌడర్ తూచి, అంతే పోయడం మాత్రం ప్రమాదం. కంపెనీలు వాడే పౌడర్ తరచుగా షాపులో డబ్బాల్లో అమ్మేది కాదు, చూడ్డానికి ఒకేలా ఉన్నా మండే వేగం వేరు. షెల్ గోడ మందం పెరిగితే లోపల చోటు తగ్గి, అదే పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు బరువును కాపీ కొట్టరు. అచ్చైన మాన్యువల్‌లో తక్కువ మోతాదు దగ్గర మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్‌తో వేగం చూసుకుంటూ, ఒత్తిడి గుర్తులు కనిపిస్తే అక్కడే ఆగిపోతారు. బులెట్‌ను ఎంత లోతుగా కూర్చోబెట్టాలో తన బ్యారెల్‌ను బట్టి మార్చుకోవచ్చు. కంపెనీ రౌండ్‌కు లేని సౌకర్యం అదే.

ప్రశ్న: అర్థమైంది. రేంజ్‌లో క్లాంప్ ఉందేమో కోచ్‌ను అడుగుతాను.

జవాబు: అడగండి. లేకపోతే ప్రోన్‌లో స్లింగ్ (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ) వేసుకునే కొట్టించండి, కాకపోతే గ్రూపులు ఎక్కువ తీయాలి. ఏ డబ్బాలో ఏముందో అమ్మాయికి చెప్పకండి, ఖరీదైనదని తెలిస్తే చెయ్యి మారిపోతుంది.