మిషన్‌లో ఉన్న అబ్బాయికి నాయనమ్మ జబ్బు సంగతి ఎలా చెప్పాలి?

మా అబ్బాయి లాటర్-డే సెయింట్స్ చర్చి తరఫున ఢిల్లీ వైపు మిషన్‌లో, అంటే మత ప్రచార సేవలో ఉన్నాడు. అబ్బాయిలకు 24 నెలలు కదా, ఇంకా సగం పైనే మిగిలి ఉంది. 2019 నుంచి వారానికోసారి ప్రిపరేషన్ డే (వాళ్లు సొంత పనులు చూసుకునే రోజు) నాడు ఇంటికి ఫోన్ చేసుకోనిస్తున్నారు. ఆ రోజు మాకు పండగే.

ఈ మధ్యే మా అత్తగారికి డయాలసిస్ మొదలుపెట్టారు. వాణ్ని పెంచింది ఆవిడే. వీడియో కాల్ రాగానే "నాయనమ్మకివ్వమ్మా" అంటాడు. ఆవిడేమో చేతికున్న ప్లాస్టర్ కొంగు కింద దాచుకుని నవ్వుతూ మాట్లాడుతుంది. "వాడికి చెప్పొద్దే, అన్నీ వదిలేసి వచ్చేస్తాడు" అని నాకు ఒకటే పోరు. మావారిదీ అదే మాట. నాకు మాత్రం దాచడం ఇష్టం లేదు. రేపు ఆవిడకేమైనా అయితే వాడు తట్టుకోలేడు.

పిల్లల్ని మిషన్‌కి పంపినవాళ్లు, మీరే వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. ముందు మిషన్ ప్రెసిడెంట్‌తో (అక్కడ వీళ్లందరినీ చూసుకునే పెద్దాయన) మాట్లాడి, వాడితో జంటగా సేవ చేసే కంపానియన్ పక్కనుండగా వాడికి చెప్పించడం మంచిదా, నేనే చెప్పాలా? మీకు ఇంటి కబురు ఎలా చెబితే తట్టుకోగలిగారు? చెప్పాక వాడు వచ్చేస్తానంటే ఏమనాలి?