మూసిన గదిలో లెట్యూస్: కార్బన్ డయాక్సైడ్ సిలిండరా, ఎగ్జాస్ట్ ఫ్యానా?

మేడమీది తోట (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా మేడ మీద పది బై పన్నెండు గది ఉంది, ఎత్తు తొమ్మిది అడుగులు. మూడు అరల ర్యాకు మీద నీళ్ళు పారే పైపులు బిగించి బటర్‌హెడ్ లెట్యూస్ (సలాడ్‌లో వేసే గుండ్రటి ఆకుకూర) పెంచుతున్నాను. అరలన్నీ కలిపితే సాగు 10 చదరపు మీటర్లు. తెల్ల ఎల్ఈడీలు మొత్తం 900 వాట్లు, రోజుకు 16 గంటలు వెలుగుతాయి. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ 24 మీద పెడుతున్నాను. చల్లదనం పోకూడదని కిటికీ సందులు కూడా టేపు వేసి మూసేశాం.

నాలుగో వారానికి లోపలి లేత ఆకుల అంచులు మాడుతున్నాయి. పైకి మొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. విప్పి చూస్తే మధ్యలో గోధుమ రంగు అంచు, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. పోయిన కోతలో 140 మొక్కలు పంపితే హోటల్ వాళ్ళు 50కి పైగా వెనక్కి పంపేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సామాను అమ్మినాయన సిలిండర్ పెట్టి కార్బన్ డయాక్సైడ్ వదలమంటున్నాడు. మా నాన్న కిటికీ తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టమంటున్నారు. ఫ్యాన్ పెడితే ఏసీ బిల్లు ఏమవుతుందోనని టెన్షన్. ఎవరి మాట వినాలి?

రాజాం హైడ్రో

సిలిండర్ పెట్టు చెల్లెమ్మా. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు) చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని 1000 దాకా తీసుకెళ్తే, వెలుతురు తగినంత ఉన్నప్పుడు ఆకు పంట బరువు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. విదేశాల్లో గ్రీన్‌హౌస్‌ల వాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. గది మూసే ఉంది కాబట్టి వదిలిన గ్యాస్ వృథా కాదు. ఎగ్జాస్ట్ పెడితే మన సముద్రపు తేమ అంతా లోపలికి లాగినట్టే. సెప్టెంబరులో మన దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆరేసిన బట్ట రెండు రోజులకు గానీ ఆరదు. ఆ గాలి లోపలికి వస్తే బూజు పడుతుంది.

లెక్కల మాస్టారు (ఆమదాలవలస)

నేను రిటైరైన భౌతికశాస్త్రం టీచర్ని. మిద్దె మీద పాలకూర, పుదీనా నీళ్ళలో పెంచుతాను. సిలిండర్ కొనేముందు ఈ లెక్క చూడమ్మా.

మీ గది 1080 ఘనపు అడుగులు, అంటే 30 ఘనపు మీటర్ల పైచిలుకు. 420 పీపీఎం దగ్గర అందులో ఉండే కార్బన్ డయాక్సైడ్ మొత్తం 23 గ్రాములు. 10 చదరపు మీటర్ల ఎదిగిన లెట్యూస్ లైట్ల కింద గంటకు సుమారు 15 గ్రాములు తాగేస్తుంది. సందులన్నీ మూసిన గదిలో గంట తిరిగేసరికి దాదాపు సగం అయిపోతుంది. ఆ తర్వాత లైట్లు వెలుగుతాయి, మీటరు తిరుగుతుంది, మొక్క మాత్రం ఆకలితో ఉంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

కాబట్టి గాలి కావాలి. ఎంత? గంటకు 400 ఘనపు మీటర్లు లాగే 6 అంగుళాల ఫ్యాన్ 5 నిమిషాలు తిరిగితే గది గాలి ఒకసారి మారిపోతుంది. లైట్లు వెలిగే వేళ ప్రతి 15 నిమిషాలకు ఒకసారి అలా తిప్పండి. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నా ఏసీ మీద పడే అదనపు భారం అర టన్ను లోపే. మీ ఎల్ఈడీల 900 వాట్లూ చివరికి వేడే అవుతాయి, అది పావు టన్ను. ఒకటిన్నర టన్ను ఏసీకి ఇవి రెండూ బరువు కాదు.

ఇక మాడిన అంచులు. అది కాల్షియం అందకపోవడం. నీళ్ళలో కాల్షియం తక్కువై కాదు. కాల్షియం వేరు నుంచి నీటితో పాటే పైకి ఎక్కుతుంది, ఆకు ఆవిరి వదిలితేనే నీరు పైకి లాగబడుతుంది. ముడుచుకున్న లోపలి ఆకుల మధ్య గాలి కదలదు, తేమ నిండిపోతుంది, ఆవిరి పోదు. బయటి ఆకులు కాల్షియం అంతా లాగేసుకుంటాయి, లేత ఆకుకు మిగలదు. కార్బన్ డయాక్సైడ్ పెంచితే ఆకు రంధ్రాలు కొంత మూసుకుంటాయి, ఆవిరి ఇంకా తగ్గుతుంది. పైగా ఎదుగుదల వేగం పెరిగి కాల్షియం ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. రాజాం తమ్ముడు చెప్పిన 30 శాతం నిజమే. కానీ మీ గదిలో అది ముందు మాడిన ఆకునే పెంచుతుంది.

ప్రతి అర పైనా రెండు చిన్న ఫ్యాన్లు, కంప్యూటర్లలో వాడేవైనా సరే, గాలి నేరుగా మొక్క గుండె మీదికి దిగేలా పెట్టండి. ఆకు సన్నగా వణకాలి, అల్లాడకూడదు.

రణస్థలం షేడ్‌నెట్

నా మాట ఎవరికీ నచ్చదు గానీ చెప్తాను. ఆకుకూరకు గదెందుకమ్మా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా షేడ్‌నెట్ కింద ఇదే లెట్యూస్ ఏసీ లేకుండా, లైటు లేకుండా వస్తుంది. ఎండ ఊరికే, గాలి ఊరికే. మీ 900 వాట్లు 16 గంటలంటే రోజుకు 14 యూనిట్ల పైనే, ఏసీ కాక. ఏప్రిల్, మే నెలల్లో మాకు మొక్క ఎదిగి పూతకొచ్చి చేదెక్కుతుంది, ఒప్పుకుంటాను. ఆ నెలల్లో మేము గోంగూర, తోటకూర వేసుకుంటాం.

2018లో తిత్లీ తుపానుకు నా నెట్టు మొత్తం ఎగిరిపోయింది, స్తంభాలు వంగిపోయాయి. ఆ మాట దాచను. కానీ ఆ రోజుల్లో కరెంటు ఎన్నాళ్ళు లేదో కూడా గుర్తు చేసుకోండి. మోటారు ఆగితే మీ పైపుల్లో వేరు పూటలోనే ఎండిపోతుంది, నా మట్టిలో మొక్క రెండు రోజులు ఆగుతుంది.

రాజాం హైడ్రో

మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ వీడియోల్లో నేను చూసిన గదులన్నిటిలో సీల్ చేసి గ్యాస్ వదలడమే పద్ధతి. 1200 పీపీఎం, 900 మైక్రోమోల్ (చదరపు మీటరు మీద సెకనుకు పడే వెలుతురు కొలత) వెలుతురు. ఎగ్జాస్ట్ పెట్టేవాళ్ళు పాతకాలం వాళ్ళని చెప్తారు.

లెక్కల మాస్టారు (ఆమదాలవలస)

తమ్ముడూ, ఆ వీడియోలు నేనూ చూశాను. ఎక్కువ భాగం గంజాయి పెంచే గదులవి. కెనడాలో 2018 నుంచి అది చట్టబద్ధం, లైసెన్సుతో పెంచుతారు. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద నేరం, అందులో చర్చ లేదు. నేను చెప్పేది ఆ అంకెల గురించి. గంజాయి పూత కోసం పెంచే మొక్క, ఎంత వెలుతురైనా తాగుతుంది. అంత వెలుతురుంటేనే 1200 పీపీఎంకు అర్థం ఉంటుంది. గది బిగించడానికి వాసన బయటికి రాకుండా ఆపడం కూడా ఒక కారణం, బొగ్గు ఫిల్టర్లు అందుకే పెడతారు. లెట్యూస్‌కు ఆ అవసరం ఏముంది?

ఈ అమ్మాయి లైట్లు మంచివైతే ఆకు మీద పడేది 200 మైక్రోమోల్. 16 గంటలకు కూడితే చదరపు మీటరుకు 11.5 మోల్ (మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్) అవుతుంది, లెట్యూస్‌కు రోజుకు 12 నుంచి 17 కావాలి. అంటే అంచుకు కాస్త కిందే ఉంది. వెలుతురే తక్కువగా ఉన్నచోట గ్యాస్ పెంచడమంటే కట్టెలు లేని పొయ్యిని ఊదడమే.

నెల్లిమర్ల

ఇంతసేపూ మొక్క గురించే మాట్లాడారు, మనిషి గురించి ఎవరూ అనలేదు. మా తాత బావి పూడిక తీయడానికి దిగే ముందు తాడుకు దీపం కట్టి లోపలికి దింపేవాడు. దీపం ఆరిపోతే ఆ రోజు ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ఈ కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, కిందే పేరుకుంటుంది, వాసన ఉండదు.

చెల్లీ, 30 కిలోల సిలిండర్ మీ గదిలో మొత్తం లీకైతే గది గాలిలో మూడో వంతుకు పైగా అదే అవుతుంది. రెండు కిలోలు దాటి లీకైనా 40,000 పీపీఎం చేరుతుంది, అది ప్రాణాపాయం. ఎనిమిది గంటలు పనిచేసే చోట హద్దు 5,000. మేడ మీద గదంటే పక్కనే ఇంట్లో వాళ్ళు పడుకుంటారు. అలారం మోగే మీటరు లేకుండా సిలిండర్ గుమ్మం దాటనివ్వొద్దు.

రాజాం హైడ్రో

ఈ మాటకు తిరుగు లేదు. నా సిలిండర్ షెడ్డు బయట ఉంటుంది, పైపు మాత్రమే లోపలికి వస్తుంది. అది నేను ముందే చెప్పాల్సింది. అయినా పెద్ద షెడ్డులో, వెలుతురు పెంచాక, గ్యాస్ లాభమే అన్న నా మాట మీద ఉన్నాను.

మేడమీది తోట (విజయనగరం)

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఒక కోత పూర్తయ్యాక చెప్దామని ఆగాను.

ముందు కార్బన్ డయాక్సైడ్ మీటరు కొన్నాను. సందులు మూసే ఉంచి, సాయంత్రం ఆరింటికి లైట్లు వేసినప్పుడు చూస్తే 450. ఎనిమిదిన్నరకు 240. మాస్టారి లెక్కంత వేగంగా కాకపోయినా, తగ్గడం కళ్ళముందు కనపడింది. ఇంకో విషయం: పొద్దున్న అమ్మ, నేను గదిలో కూర్చుని నలభై నిమిషాలు ఆకు కోస్తే అది 900 దాటింది. మా ఊపిరే! నాన్నకు చూపిస్తే ఆయన ఏమీ అనకుండా సుత్తి తెచ్చి వెంటిలేటర్ పలక తీశారు.

ఇప్పుడు టైమరు మీద 6 అంగుళాల ఫ్యాన్ తిరుగుతోంది, ఎదురుగోడకు కింద దోమతెర కట్టిన కన్నం. అరకు రెండు చొప్పున చిన్న ఫ్యాన్లు. లైట్లు సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న పది దాకా మార్చాను, రాత్రి బయటి గాలి చల్లగా ఉంటుందని. ఫ్యాన్ తిరుగుతున్నంతకాలం మీటరు 330 నుంచి 400 మధ్య ఉంటోంది. ఈ కోతలో 140కి తొమ్మిది మాడాయి, అవన్నీ గోడ మూల ఫ్యాను గాలి తగలని పైపులోవి.

సిలిండర్ వద్దని చెప్పేశాను. రణస్థలం అక్కా, మీ మాట కూడా మరిచిపోలేదు. డిసెంబరులో సగం నారు మేడ మీద నెట్టు కింద పెట్టి, రెండింటి కరెంటు లెక్క పక్కపక్కన రాస్తాను. మోటారుకు ఇన్వర్టర్ కలిపాను, కరెంటు పోయినా నాలుగు గంటలు నడుస్తుంది. రాజాం అన్న చెప్పిన తేమ ఇంకా తీరలేదు: లైట్లు ఆరాక ఏసీ కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ 88కి పోతోంది. ఆ ఎనిమిది గంటలు ఎగ్జాస్ట్ పూర్తిగా ఆపాలా, గంటకోసారైనా తిప్పాలా?