ఒక్కటే రైఫిల్ కొనాలి, 30-06 తూటా కాల్చేది తీసుకోవచ్చా?

కొలరాడో_కుర్రోడు:
అందరికీ నమస్తే. హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ అయిపోయింది, ఈ సీజన్లో మ్యూల్ డీర్‌కి, కుదిరితే ఎల్క్‌కి (దానికన్నా చాలా పెద్ద జింక) కూడా ట్యాగ్, అంటే వేట పర్మిట్, అప్లై చేద్దామనుకుంటున్నా. రెండు రైఫిళ్ళంటే ఇంట్లో గొడవైపోద్ది, సో ఒక్కటే. ఫ్రెండ్స్ అంతా 6.5 క్రీడ్‌మోర్ తూటా రైఫిల్ అంటున్నారు, షూటింగ్ రేంజ్‌లో ఓ తాతగారు మాత్రం 30-06 కొనుక్కో చాలు అన్నాడు. 1906 నాటి తూటా ఇప్పుడెందుకు అసలు? ఎప్పటికైనా నమీబియా వెళ్ళాలని కూడా ఉంది.

టెక్సాస్_మావయ్య:
తాతగారి మాట విను అబ్బాయ్. 110 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) నుంచి 220 దాకా బుల్లెట్లు ఉన్నాయి దానికి. డీర్‌కి 150, ఎల్క్‌కి 180, రైఫిల్ అదే. కాకపోతే 150 గ్రెయిన్ మెత్తటి బుల్లెట్ దగ్గర్నుంచి భుజం ఎముకకి తగిలిందా, అటువైపు మాంసమంతా నెత్తుటి ముద్దే, ఇగురుకి కూడా మిగల్దు, నా మొదటి డీర్ అలాగే పాడైంది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. భుజం వెనకాల ఊపిరితిత్తులు చూసి కొట్టు.

జోబర్గ్_రావు:
ఆఫ్రికా అన్నారు కాబట్టి నేను చెప్తా. ఇక్కడ నేను వెళ్ళిన ప్రతి గన్ షాపులో 30-06 ఉంది. అమెరికా సైన్యం 1906 నుంచి రెండు ప్రపంచ యుద్ధాలూ, కొరియా కూడా దీంతోనే చేసింది కదా, అలా లోకమంతా పాకింది. అమెరికా మాజీ ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి తెచ్చిన వాటిలో ఒకటి 30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలే. ఫ్లైట్‌లో మనిషికి 5 కిలోల తూటాలే ఒప్పుకుంటారు, ఆ పెట్టె కూడా ఎక్కడో తప్పిపోతే ఊళ్ళో కొనుక్కోవడమే, అక్కడ దీని విలువ తెలుస్తుంది. నమీబియాలో కూడూ, ఓరిక్స్ లాంటి పెద్ద జింకలకి తూటా శక్తి కనీసం 2700 జూల్స్ ఉండాలి, ఇది హాయిగా దాటుతుంది. ఏనుగు, అడవి దున్నలకి 5400 కావాలి, వాటి జోలికి దీంతో పోకండి. ఇంకోటి, బ్రాండ్ మారితే దెబ్బ పడే చోటు కూడా మారుతుంది, అక్కడ కొన్న రౌండ్స్‌తో మళ్ళీ జీరో చేసుకోవాల్సిందే, అంటే గురి సరిచేసుకోవాలి.

డౌట్_రాజా:
కాల్చినప్పుడు 30-06 భుజాన్ని తన్నే తన్నుడు గురించి ఎవరూ చెప్పరేంటి బ్రో 😅 180 గ్రెయిన్లతో ఇరవై రౌండ్లు కాలిస్తే భుజం వాచిపోద్ది, కొత్తోళ్ళు భయంతో కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగేస్తారు. డీర్ వరకే అయితే .308 తూటా చాలు, రైఫిల్ కూడా కాస్త పొట్టిది వస్తుంది. ప్రపంచమంతా దొరుకుద్దనేది కూడా పూర్తిగా నిజం కాదు, మిలటరీ క్యాలిబర్ అని ఫ్రాన్స్‌లో 2013 దాకా వేటగాళ్ళకి మామూలుగా ఇవ్వలేదు. కరోనా టైమ్‌లో ఇక్కడ రెండు డబ్బాల కోసం మూడు ఊళ్ళు తిరిగా నేను.

కొలరాడో_కుర్రోడు:
థాంక్యూ అందరికీ, 30-06 ఫిక్స్. మరి డీర్‌కీ ఎల్క్‌కీ కలిపి ఒకే బరువు వాడొచ్చా మావయ్యా?

టెక్సాస్_మావయ్య:
165 గట్టి బుల్లెట్. నీ రైఫిల్‌కి ఏది బాగా పడుతుందో చూసుకుని, అదే లాట్‌లో (ఒకే బ్యాచ్‌లో తయారైనవి) పది డబ్బాలు ఒకేసారి కొనిపడెయ్. తన్నుడు తగ్గించే మంచి రికాయిల్ ప్యాడ్ కూడా వేయించు, రాజా చెప్పింది అబద్ధం కాదు.