ఫ్లాష్‌పాయింట్ చివర్లో ఉత్తరం, ఆ తర్వాత వార్: ఈ రెండూ ఒకే టైమ్‌లైనా?

ఎర్రబూట్లు:
డీసీ కామిక్స్ హీరోల యానిమేషన్ సినిమాల్లో ఫ్లాష్‌పాయింట్‌తో మొదలయ్యే సిరీస్‌ని వరసగా చూద్దామని కూర్చున్నా. 2013లో వచ్చిన జస్టిస్ లీగ్: ది ఫ్లాష్‌పాయింట్ పారడాక్స్ అయిపోయింది, 2014 నాటి వార్ కూడా అయిపోయింది, అక్కడే బుర్ర ఆగిపోయింది. ఫ్లాష్‌పాయింట్ మొదట్లో హీరోల జట్టు జస్టిస్ లీగ్ మొత్తం ఉంది, సగం యంత్రమైన సైబోర్గ్‌తో సహా. తల్లిని కాపాడుకోవడానికి గతంలోకి పరుగెత్తి లోకాన్నే మార్చేసిన బ్యారీ (ఫ్లాష్), చివర్లో అన్నీ సరిచేసి, ఆ వేరే లోకంలో బ్యాట్‌మన్‌గా ఉన్న థామస్ వేన్ రాసిన ఉత్తరాన్ని తెచ్చి అతని కొడుకు బ్రూస్ (మన బ్యాట్‌మన్) చేతిలో పెడతాడు. అంటే ఇద్దరికీ బాగా పరిచయం ఉన్నట్టే కదా? వార్‌లోకి వచ్చేసరికి వాళ్లిద్దరూ మొదటిసారి కలుస్తున్నారు, సైబోర్గ్‌గా మారాల్సిన విక్టర్ ఇంకా మామూలు కుర్రాడు, బ్యాట్‌మన్ నిజంగా ఉన్నాడని గ్రీన్ లాంటర్న్ హాల్ జోర్డన్‌కే తెలియదు! మరి ఆ ఉత్తరం ఎప్పుడు ఇచ్చినట్టు? గొంతులు కూడా మారిపోయాయి, ఫ్లాష్‌పాయింట్‌లో బ్రూస్‌కి కెవిన్ కాన్రాయ్, వార్‌లో జేసన్ ఒమారా. ఇవి అసలు ఒకే కథేనా? తర్వాతి సినిమాల స్పాయిలర్లు ఉంటే ముందే చెప్పండి ప్లీజ్.

పాతకామిక్స్:
ఈ చిక్కు కామిక్స్ నుంచి వచ్చింది తమ్ముడూ. 2011లో ఫ్లాష్‌పాయింట్ కథ ముగిశాకే న్యూ 52 (డీసీ తన కామిక్స్‌ని మళ్లీ కొత్తగా మొదలుపెట్టిన వరస) మొదలైంది, అందులో జస్టిస్ లీగ్ తొలి కథ "ఐదేళ్ల కిందట" జరిగినట్టు మొదటి సంచికలోనే చెప్పారు. అంటే బ్యారీ తిరిగొచ్చిన వర్తమానానికి ఐదేళ్ల ముందే లీగ్ ఏర్పడింది, ఉత్తరం ఇచ్చేనాటికి బ్రూస్, బ్యారీ పాత స్నేహితులే. వార్ తీసింది ఆ కథ ఆధారంగానే, కానీ సినిమాలో ఆ ఐదేళ్ల మాట తీసేశారు. దాన్ని తిరిగి కలుపుకుని చూడు, వార్ ముందు, ఉత్తరం తర్వాత. నేను ఎప్పుడూ అలాగే చూస్తాను, నీ ప్రశ్నలు చాలావరకు తీరిపోతాయి.

గోదారిగట్టు:
అన్నా, కామిక్స్ సంగతి ఒప్పుకుంటా, కానీ సినిమాకి అది అతకదు. ఫ్లాష్‌పాయింట్ టైటిల్స్ అయ్యాక ఏం చూపించారు? భూమి పైన బూమ్ ట్యూబ్ (వేరే లోకం నుంచి వచ్చే దారి) తెరుచుకుని పారాడెమన్లు, అంటే వార్‌లో దండెత్తే రెక్కల సైనికులు, బయటికి వస్తారు. అది నేరుగా వార్‌కి లీడ్. ఉత్తరం ఇచ్చిన తర్వాతే దండయాత్ర అని దర్శకుడు జే ఒలీవా మన కళ్లముందు పెట్టాక, ఐదేళ్లు వెనక్కి జరపడం మనం సౌకర్యం కోసం చేసుకునే పనే. పైగా ఈ సిరీస్‌లో "ఐదేళ్లు" అన్న లెక్కని అంతగా నమ్మలేం. 2017 నాటి జుడాస్ కాంట్రాక్ట్ మొదట్లో ఐదేళ్లు వెనక్కి వెళ్లి డిక్ గ్రేసన్‌ని బ్యాట్‌మన్ శిష్యుడు రాబిన్‌గా, పక్కన ఫ్లాష్ శిష్యుడు కిడ్ ఫ్లాష్‌తో కలిపి కుర్ర హీరోల టీమ్‌లో చూపిస్తారు (ఇది చిన్న స్పాయిలరే). హీరోలంటేనే జనానికి కొత్త అన్నట్టుండే వార్‌ని దీనికి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా? రెండు రకాలుగానూ పెట్టి చూశాను, ఎటు పెట్టినా ఏదో ఒకటి విరుగుతుంది.

గొంతుల మీద మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. సూపర్‌మన్‌కి మొదటి మూడు సినిమాల్లో ముగ్గురు చెప్పారు: శామ్ డాలీ, అలన్ టుడిక్, తర్వాత త్రోన్ ఆఫ్ అట్లాంటిస్ నుంచి జెర్రీ ఓకానెల్. గ్రీన్ లాంటర్న్‌కి నేథన్ ఫిలియన్ ఫ్లాష్‌పాయింట్‌లో ఉన్నాడు, వార్‌లో లేడు, మళ్లీ వచ్చాడు.

ఎర్రబూట్లు:
అంటే అసలు సంబంధమే లేదనుకోవాలా? ఆ ఉత్తరం సీన్‌కి నేను నిజంగా ఏడ్చాను. తల్లిని రెండోసారి పోగొట్టుకుని వచ్చినవాడు, ఇంకొకడికి తండ్రి మాట మోసుకొచ్చాడు. ఆ తర్వాతి సినిమాలోనే అది జరగనట్టు ఉంటే తట్టుకోలేకపోతున్నా.

అర్ధరాత్రిషో:
సంబంధం ఉంది, గట్టిగా ఉంది. ఇక్కడి నుంచి పెద్ద స్పాయిలర్లు, చూడకపోతే ఆపేయండి.

2018లో వచ్చిన సూసైడ్ స్క్వాడ్: హెల్ టు పే చూడు. అందులో ఫ్లాష్ శత్రువు ప్రొఫెసర్ జూమ్ ఉంటాడు, తలలో తూటా గాయంతో. ఫ్లాష్‌పాయింట్‌లో థామస్ కాల్చిన తూటాయే అది. ప్రాణం పోయే ఆఖరి క్షణాన్ని, ఫ్లాష్ లాంటివాళ్లకి వేగాన్నిచ్చే స్పీడ్ ఫోర్స్‌తో సాగదీసుకుంటూ తిరుగుతుంటాడు. ఆ లోకం చెరిగిపోయినా ఆ గాయం చెరగలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇక 2020 నాటి అపోకోలిప్స్ వార్ చివర్లో అంతా నాశనమయ్యాక, మళ్లీ పరుగెత్తి కాలాన్ని మార్చమని మాంత్రికుడు కాన్‌స్టంటైన్ అడిగేది బ్యారీనే, ఎందుకంటే ఆ పని అతను ఇదివరకే చేశాడు కాబట్టి. తెర తెల్లబడి సిరీస్ ముగుస్తుంది. ఒక పరుగుతో మొదలై ఇంకో పరుగుతో ముగిసిన కథ ఇది, మొదటి సినిమాని పక్కన పెడితే చివరిదానికి బలమే ఉండదు.

నా లెక్క ఇది: పోస్ట్ క్రెడిట్ సీన్ వచ్చే సినిమాకి వేసిన కొక్కెం, దాన్ని తేదీగా చదవక్కర్లేదు. ఉత్తరం సీన్ కథలో భాగం. రెండింట్లో ఒకటి వదలాల్సి వస్తే కొక్కేన్నే వదులుతాను. అప్పుడు పాతకామిక్స్ అన్న చెప్పిన వరస కుదురుతుంది. జుడాస్ కాంట్రాక్ట్ ముడి మాత్రం నాకూ విడలేదు.

గోదారిగట్టు:
జూమ్ గాయం సంగతి ఒప్పుకోవాల్సిందే, అది నేను లెక్కలోకి తీసుకోలేదు. కొక్కెం వదిలేయడానికి మాత్రం మనసు రావట్లేదు, ఈ రాత్రి ఆ రెండు సినిమాలూ మళ్లీ చూసి వస్తా.

ఎర్రబూట్లు:
స్పాయిలర్ అని తెలిసీ చదివేశాను, పర్లేదు. థామస్ తూటా ఇంకా అక్కడే ఉందంటే ఉత్తరం కూడా బ్రూస్ దగ్గర ఉన్నట్టే. త్రోన్ ఆఫ్ అట్లాంటిస్ పెడుతున్నా.